వీధి క్రింది పాతర

మా యూరి పేరు రోలుగుంట. ఈ పేరెట్లు వచ్చినదో నిర్ణయించుట నా పని కాదు. కాని నేలలో త్రవ్విన గుంటకును పల్లెవాని కూటికిని గల చుట్టరికమును ఈ పేరు నాకు తరచుగా జ్ఞప్తికి తెచ్చుచుండును. నర్సీపట్నమునకు చేరువనున్న మా మండలము 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను వీధులు మారలేదు. ఆ వీధుల క్రింద ఒకప్పు డుండిన వస్తువును గూర్చియు, ఇప్పు డున్న వస్తువును గూర్చియు చదువరులతో కొంత ముచ్చటింప నెంచితిని. ఇందుకు కారణమైన సంగతిని ముందుగా చెప్పెదను.

మా బడికి పోవు త్రోవలో ఒక మురుగుకాలువ కలదు. ఆ కాలువమీద ఒక గృహస్థుడు తన బండి లోపలికి నడుచుటకై సిమెంటు పలకలు పరచుకొనెను. బాటసారులును ఆ పలకలమీదనే నడుచుట కలవాటుపడిరి. గత శ్రావణమున వాన వెలిసిన యొక యుదయమున ఆరవ తరగతి బాలిక యొకతె పలకపై కాలు మోపగనే అది రెండు తునకలై, ఆమె నడుము లోతు మురుగులో పడెను. మేము నలుగురము చేరి పైకి తీసితిమి. ప్రాణము దక్కెను గాని కాలియెముక విరిగెను. ఆమె తండ్రి కూలివాడు. బిడ్డను ఆసుపత్రికి త్రిప్పుటలో అతనికి పదునైదు దినముల కూలి పోయెను.

పలక వేసిన గృహస్థు నడుగగా, "కాలువ నాది కాదు గదా" యనెను. కాలువ చూచుకొనవలసినవారి నడుగగా, "పలక మేము వేసినది కాదు గదా" యనిరి. ఇద్దరు చెప్పినదియు నిజమే. రెండు నిజముల నడుమ బాలిక కాలు విరిగినది. వీధికి పైన ప్రజలు నడుతురు. వీధి క్రింద ఒకని యక్కర కలదు. ఈ రెంటికి నడుమ నున్న పలక ఎవరిది? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనికి మన దేశముననే గాక ఇతర దేశములందును పెద్ద చరిత్ర కలదు.

మన ప్రాంతమున ఆ చరిత్ర పాతరతో మొదలగును. పాతర యనగా ధాన్యము దాచుటకు నేలలో త్రవ్విన గొయ్యి. బ్రౌను దొర తన తెలుగు నిఘంటువులో ఈ మాటను చేర్చియున్నాడు. నా చిన్ననాడు, అనగా ఇప్పటికి ముప్పదియైదు నలుబది యేండ్ల క్రిందట, మా తాతగారి పాతర ఇంటి యరుగు ముందర వీధినేలలోనే యుండెడిది. ఇంటిలోపల చోటు చాలదు. పెరటిలో నీటి యూట యెక్కువ. బండ్లు త్రొక్కి గట్టిపడిన వీధినేలయే మేలని పెద్దలు తలచిరి. గొయ్యి అడుగున ఊకయు బూడిదయు పోసి, గోడల వెంబడి వరిగడ్డిని పేనిన మోకును చుట్లు చుట్లుగా అమర్చి, ఎండిన వడ్లు నింపి, పైన మరల గడ్డి కప్పి, మన్ను మెత్తి, పేడతో అలికెడివారు. వాననీరు నిలువకుండ నడిమి భాగమును తాబేటి వీపువలె ఎత్తుగా నుంచెడివారు. ఆ మిట్టమీదనే మేము గోలీలాడితిమి.

ఇట్లు నేలలో దాచుటకు హేతువులు పెక్కు. పూరియిండ్ల పల్లెలో వేసవినాడు నిప్పంటుకొన్నచో గాదెలును పురులును క్షణములో బూడిదయగును. పాతరలోని గింజకు నిప్పు సోకదు. దోపిడికాండ్ర భయము మరియొకటి. 1816లో పిండారీలు గుంటూరు సీమపై బడి పల్లెలను కొల్లగొట్టిరి. అట్టి దినములలో కంటికి కనబడని ధాన్యమే మిగులు ధాన్యము. క్షామభయము మూడవది. 1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిని పీడించిన మహాక్షామము వంటివానిని చూచినవారికి, ఏటి పంటను ఆ యేడే తిని కూర్చుండుట బుద్ధి గాదని తెలిసియుండును.

పాతరలో గింజ చెడకుండుటకు శాస్త్రసమ్మతమైన కారణ మున్నది. గింజ ప్రాణము గలది. అదియు ఊపిరి పీల్చును. గాలి చొరని గోతిలో గింజలును, వానితో చేరిన పురుగులును కలిసి ఆమ్లజనిని ఖర్చుచేసి బొగ్గుపులుసు గాలిని విడుచును. కొంతకాలమునకు ఆమ్లజని తగ్గిపోయి పురుగులు చచ్చును, గింజ నిలుచును. మందులు లేని కాలమున మన రైతు కనుగొన్న యీ యుపాయము మెచ్చదగినదే. కాని పురుగును చంపిన గాలి మనిషిని విడిచిపెట్టునా? మనము పీల్చు గాలిలో ఆమ్లజని నూటికి సుమారు ఇరువదియొక్క పాళ్ళు. అది పదింటికి దిగజారినచో మనిషి హెచ్చరిక లేకయే తెలివి తప్పును. బొగ్గుపులుసు గాలి మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది గావున గోతి యడుగుననే నిలిచియుండును.

ఈ సంగతి మన పెద్దలకు పుస్తకముల వలన గాక, చావుల వలన తెలిసినది. పాతర తెరచిన పిమ్మట ఒక పూట గాలి తగులనిచ్చి, త్రాటితో దీపమును దింపి, అది ఆరకున్నచో మనిషిని దింపుట వాడుక. మా తాతగారు చెప్పిన సంగతి యొకటి. ఆయన పడుచుదనమున ఒకానొక యింట మబ్బు క్రమ్ముచున్నదని తొందరపడి, దీపమును దింపకయే పాలేరును దింపిరట. అతడు మరల పైకి రాలేదు. అతని యింటికి ఒక పుట్టి ధాన్యము కొలిచి యిచ్చిరట. అంతటితో వ్యవహారము ముగిసినదట. ఈ కథ చెప్పునపుడు తాతగారు "ఆ పుట్టి ధాన్యము ఆ పాతరలోనిదే" యని చేర్చి యూరకుండెడివారు. ఆ మాట యొక్క బరువు నాకప్పుడు తెలియలేదు.

ఇంకొక విశేషము గమనింపదగినది. పాతర నిండియున్నంత కాలము వీధికి భయము లేదు. నిండిన గొయ్యి నేలవలెనే బరువు నాపును. ధాన్యము తీసిన తరువాత, పైని కప్పు మాత్రము మిగిలి లోపల ఒట్టిదైనపుడే అది బోనుగా మారును. గడ్డి చివికి, వాసము పుచ్చి, పైకి మాత్రము అలికిన నేలవలె చక్కగా కనబడుచుండును. ఎద్దు కాలు దిగబడుట, పిల్లవాడు జారిపడుట ఆ దినములలోనే. అనగా పాతర వలని లాభము అందులో ధాన్యమున్నంత కాలము యజమానునిది. ధాన్యము తీసినపిమ్మట దానివలని యపాయము వీధిది. ఈ యొక్క వాక్యమును మనస్సున నుంచుకొన్నచో, వీధి క్రింది కట్టడములకు నగరములు చేసిన నియమములన్నియు సులభముగా నర్థమగును.

మన ప్రాచీనులు ఈ విషయమును ఎట్లు చూచిరి? మైసూరు పండితుడు శామశాస్త్రిగారు 1909లో అచ్చు వేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున నేలమాళిగ ప్రసక్తి కలదు. రాజకోశమును దాచు సన్నిధాత, తేమ తగులని చతురపు గొయ్యి త్రవ్వించి, ప్రక్కలను అడుగును వెడల్పు రాతిపలకలతో కట్టించి, లోపల గట్టి కొయ్యతో పంజరమువంటి మూడంతరువుల గృహమును ఒకే ద్వారముతో నిర్మింపవలెనట. వింత యేమనగా, ధనమును భూమిలో దాచుమన్న కౌటిల్యుడు ధాన్యమును మాత్రము ఎత్తైన చోట నుంచుమనెను. జనపదము నుండి వచ్చిన సామగ్రిలో సగమును ఆపత్కాలమునకై నిలువచేసి, పాతదానిని తీసి క్రొత్తదానిని నింపుచుండుమనియు విధించెను.

వీధిని గూర్చి అతని నియమములు ఇంకను సూక్ష్మములు. బండ్లబాటపై దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ పాలు, బురదనీటితో దానిని అడ్డగించినవానికి పాతిక పణము, రాజమార్గమైనచో ఇంతకు రెట్టింపు దండము. ఇంటి నీటికాలువ పొరుగువాని గోడకు విధించిన దూరమున నుండవలెను. తప్పినచో ఏబదినాలుగు పణములు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, ఆపద లేకయే రాజమార్గమున మలినము విడిచినవాడు రెండు కార్షాపణములు చెల్లించుటయే గాక ఆ మలినమును తానే తొలగింపవలెనని యున్నది. మనువు చెప్పినవాని నన్నిటిని నేడు మన మంగీకరింపము, అంగీకరింపరాదు. కాని వీధిని చెరచినవాడు రుసుము కట్టి తప్పించుకొనుట గాక దానిని తన చేతితోనే బాగుచేయవలె నన్న యీ యొక్క ధర్మము నేటి నగరముల చట్టములకు ఏమియు తీసిపోదు.

ఇక పడమటి నగరములను చూతము. లండను పట్టణమున పందొమ్మిదవ శతాబ్దపు గృహముల ముందర కాలిబాట క్రింద బొగ్గు దాచు మాళిగ లుండెడివి. బొగ్గు అమ్మువాడు కాలిబాటలోని చిన్న రంధ్రము గుండ బస్తా క్రుమ్మరించి పోవును. ఆ రంధ్రమునకు అడుగు వ్యాసము గల గుండ్రని యినుప మూత యుండును. దొంగ దూరరానంత చిన్నది, లోపలి వైపు నుండి బిగించునది. అమెరికాలో షికాగో నగరము చిత్తడినేలపై నుండుటచే, 1855 నాటి మురుగు ప్రణాళికను అనుసరించి వీధుల నెత్తుచేసిరి. ఇండ్లకును ఎత్తైన వీధికిని నడుమ మిగిలిన ఖాళీ కాలిబాటల క్రింద మాళిగలయ్యెను. సియాటిలు నగరము 1889 జూను నెలలో కాలిపోయిన పిమ్మట వీధులను ఎత్తుగా తిరిగి కట్టగా, పాత కాలిబాటలు భూమిలోనికి పోయెను. ఈ మాళిగలకు వెలుతురు నిచ్చుటకై కాలిబాటలో గాజుబిళ్ళలు పొదిగిన యినుప పలకలకు న్యూయార్కున థాడియస్ హయట్ అనునతడు 1845లోనే పేటెంటు పొందెను. నడుచువాని కాలిక్రింద దీపమువలె మెరయు ఆ గాజులు ఇప్పటికిని అక్కడక్కడ కానవచ్చును.

ఆ నగరములు ఈ కట్టడములను నిషేధింపలేదు, నియమబద్ధము గావించినవి. న్యూయార్కున కాలిబాట క్రింద మాళిగ కట్టదలచినవాడు అనుజ్ఞాపత్రము పొంది, వైశాల్యమునుబట్టి రుసుము చెల్లింపవలెను. దాని కప్పును గట్టిగా నుంచు భారము ఇంటి యజమానునిదే. ఇంగ్లండున 1980 నాటి రాజమార్గముల చట్టము వీధి క్రింద గది కట్టుటకు అధికారుల యనుమతి కావలెననియు, దాని మూతలను, గాజుపలకలను, గాలిరంధ్రములను యజమానుడో కాపురమున్నవాడో మంచిస్థితిలో నుంచవలెననియు విధించుచున్నది. కాలము గడచిన కొలది ఇనుప దూలములు త్రుప్పుపట్టి కప్పు బలహీనమగుట ఈ మాళిగల కన్నిటికిని పొంచియున్న ముప్పు. పైన చూచినచో కాలిబాట చక్కగనే యుండును. లోపల దూలము పుచ్చియుండును. మన ఒట్టి పాతర కథయే యిది.

ఇటువంటి చట్టము మనకు లేదా? లేదనుట తప్పు. 1905లో చేసిన చెన్నపురి భూ ఆక్రమణ చట్టము ప్రజల వీధులును, సందులును, దారులును ప్రభుత్వపు సొత్తని చాటినది. పురపాలక సంఘమునకు వీధి దఖలుపడినంతమాత్రమున ఆ నేల యంతయు దాని సొంతమగునా యను ప్రశ్న చెన్నపురి హైకోర్టున విచారణకు వచ్చెను. 1902 నాటి నివేదికల సంపుటమున అచ్చయిన మధుర పురపాలక సంఘపు వ్యాజ్యెములో, సంఘమునకు సంక్రమించునది వీధిని వీధిగా కాపాడి నడుపు హక్కే గాని నేలపై సంపూర్ణ స్వామ్యము గాదని తీర్పయ్యెను. 1965లో సుప్రీము కోర్టు, మంగలూరు పురపాలక సంఘపు వ్యాజ్యెమున, అనగా అప్పట్లో ఉత్తరప్రదేశమున నుండిన మంగలూరు వ్యాజ్యెమున, ఇదే మార్గము త్రొక్కినది. వీధి పైభాగమును, దాని రక్షణకు కావలసినంత క్రింది మన్నును, పైయాకాశమును మాత్రమే సంఘము చేతిలో నుండునని దాని సారము. ఎంత లోతు? వీధి నిలుచుట కెంత లోతు కావలెనో అంత. ఈ కొలత యెంతో వివేకముతో గూడినది. వీధి నిలుచుటకు కావలసిన మన్నును తీసినవాడు వీధినే తీసినవాడగును గదా!

1920 నాటి చెన్నపురి జిల్లా పురపాలక సంఘముల చట్టములోను, దాని పిమ్మట 1965లో మనకై చేసిన చట్టములోను మరియొక నియమ మున్నది. అనుమతి లేక వీధిలో ఎవడును గొయ్యి త్రవ్వరాదు. అనుమతి పొందినవాడు పూడ్చువరకు దానిచుట్టు కంచె వేసి, రాత్రియంతయు దీపము పెట్టవలెను. పల్లెలకు 1994 నాటి పంచాయతీ రాజ్ చట్టము ప్రకారము ఊరి బాటలు గ్రామ పంచాయతీకి దఖలుపడినవి. ప్రజల దారిలో అపాయము కలిగించినవానికి 1860 నాటి శిక్షాస్మృతి రెండువందల రూపాయలకు మించని జుల్మానా విధించెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత దానిని అయిదువేల వరకు పెంచినది. కావున చట్టమునకు కొఱత లేదు. కొఱత యున్నది పలకను ఎత్తి చూచు కన్నులకు.

ఇప్పుడు మన పల్లెలలో పాతరలు దాదాపు మాయమైనవి. రైతు కళ్ళములోనే ధాన్యమును గోనెల కెత్తి అమ్ముచున్నాడు. 1965లో ఆహార సంస్థ ఏర్పడినది; గిడ్డంగులు లేచినవి; రేకు గాదెలు వచ్చినవి. వీధి క్రింది పాతర పోయినది గాని, వీధి క్రింది గొయ్యి పోలేదు. ధాన్యమున్న చోటికి మురుగు వచ్చినది. పట్టణములలో భూగర్భ మురుగు గొట్టములును, వాని బిలములును. పల్లెలలో కాలువలును, మరుగుదొడ్ల గోతులును. పాతరలో దిగినవానిని చంపిన గాలికి ఇక్కడ ఇంకొక విషవాయువు తోడైనది. క్రుళ్ళిన గ్రుడ్డు కంపు కొట్టు ఆ వాయువు మితిమీరినపుడు ముక్కుకు వాసన తెలియు శక్తినే హరించును. అందుచేత కంపు తగ్గినదని దిగినవాడు అక్కడనే కూలును. ఇట్టిచోట దీపపు పరీక్షయు చాలదు. దీపము వెలుగుచున్నను విషము చంపగలదు.

మనుష్యుని ఇట్టి గోతులలోనికి దింపుటను మాన్పుటకు 1993లో ఒక చట్టమును, 2013లో మరియొక చట్టమును వచ్చినవి. ఇందుకై దేశమంతట ఉద్యమము నడపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్‌గారు కోలారు బంగారుగనుల యూరిలోని తెలుగు కుటుంబమున పుట్టినవారు. 2016లో మెగసెసే పురస్కారము నందిరి. ఆ సంస్థ వేసిన వ్యాజ్యెమున సుప్రీము కోర్టు 2014 మార్చి 27న, 1993 నుండి మురుగుగోతులలో మరణించిన ప్రతివాని కుటుంబమునకు పది లక్షల రూపాయలు చెల్లింపవలెననెను. వేరొక వ్యాజ్యెమున 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచెను. ఈ తీర్పులు చదివినపుడు మా తాతగారి పుట్టి ధాన్యము నాకు జ్ఞప్తికి వచ్చినది. వెల పెరిగినది, అది మేలే. కాని వెల కట్టవలసిన యక్కర యింకను తీరలేదు. నాడు దింపబడినవాడు ఎవడో, నేడు దింపబడుచున్నవాడును అతని వంటివాడే. పాతర యజమానుడు తన కొడుకును ముందుగా దింపినట్లు నేనెన్నడును వినలేదు.

చదువరులారా, నగరముల నియమములను, శాస్త్రకారుల విధులను, కోర్టుల తీర్పులను కలిపి చూచినచో నాలుగు మాటలు తేలును. వీధి క్రింద ఏమి కట్టినను పదిమందికి తెలియజేసి యనుమతితో కట్టవలెను. పైని కప్పు, నడుచువాని బరువును గాక, రాదగిన పెద్దబండి బరువును ఓర్వవలెను. లాభము పొందువాడే దానిని బాగుగా నుంచు భారమును మోయవలెను; అక్కర తీరినచో తానే పూడ్చవలెను. ఏ కారణము చేతనైనను మనిషిని లోపలికి దింపరాదు. యంత్రము చేయదగిన పనికి యంత్రమునే పిలువవలెను. ఈ నాలుగింటిలో మన పల్లెకు అసాధ్యమైన దేదియు లేదు. గ్రామసభలో ఒక్క పూట కూర్చుండి, ఏ పలక ఎవరిదో ఒక పుస్తకమున వ్రాసికొన్నను చాలును. పేరు వ్రాయబడిన పలకకు యజమానుడు దొరకును; పేరు లేని పలకకు దొరకునది విరిగిన కాలు మాత్రమే.

తుదకు నా తప్పును గూడ చెప్పుకొనవలెను. ఆ పలక కదలుచున్నదని నేను నెల దినముల ముందే యెరుగుదును. దినదినమును దానిమీదనే బడికి పోవుచు, అది టక్కుమన్నపుడెల్ల కాలు ప్రక్కకు వేసితిని. నాకు తెలిసిన యపాయము నన్ను కాపాడినది. చెప్పని కారణమున బాలికను కాపాడలేదు. ఇతరుల నడిగిన ప్రశ్నను నన్ను నేను అడుగుకొనినచో, ఆ పలకకు మూడవ యజమానుడను నేనే.

ఆమె దసరా సెలవుల పిమ్మట మరల బడికి వచ్చినది, కొంచెము కుంటుచున్నది. క్రొత్త పలక వేసిరి గాని, అది ఎవరిదో ఇంకను తేలలేదు. రాబోవు గ్రామసభకు నేనొక చేతిపుస్తకమును తీసికొని పోదలచితిని. దాని మొదటి పుటలో మా బడిత్రోవలోని పలకల లెక్క వ్రాసియుంచితిని: మొత్తము ఇరువదిమూడు. ఎదుట పేర్లు వ్రాయుటకు చోటు విడిచితిని.